సీఎన్‌ఏ తర్వాత ఏంటి? అమెరికాకు కొత్తగా వచ్చినవారికి

అమెరికాలో ఆసుపత్రి పనిలోకి త్వరగా వెళ్లాలంటే దగ్గరి దారి సీఎన్‌ఏ, అంటే నర్సింగ్ అసిస్టెంట్ ఉద్యోగం. ఫెడరల్ నిబంధన ప్రకారం శిక్షణ కనీసం 75 గంటలు, కాలిఫోర్నియాలో అయితే 160. చేరడం పెద్ద కష్టం కాదు, అక్కడి నుంచి పైకి కదలడమే కష్టం. పేషెంట్లను లేపీ తిప్పీ షిఫ్ట్ అయ్యేసరికి నడుము పట్టేస్తుంది, ఇక చదువు సంగతి వచ్చే సెమిస్టర్‌కు, ఆ పై సెమిస్టర్‌కు వాయిదా పడుతూనే ఉంటుంది.

ముందు వీసా సంగతి తేల్చుకోండి. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి భార్య లేదా భర్తకు ఇచ్చే వీసా) మీద ఉన్నవాళ్లు చదువుకోవచ్చు కానీ ఈఏడీ, అంటే పని అనుమతి కార్డు, లేకుండా పని చేయకూడదు. విద్యార్థి భార్య లేదా భర్తగా ఎఫ్-2 మీద వచ్చినవాళ్లకు పని అసలే కుదరదు. గ్రీన్ కార్డు ఉంటే ఫాఫ్సా అనే ఫారం నింపి చదువుకు ఫెడరల్ సాయానికి అప్లై చేయొచ్చు, హెచ్-4 వాళ్లకు అది రాదు. కమ్యూనిటీ కాలేజీలో ఇన్-స్టేట్ ఫీజు (ఆ రాష్ట్రంవాళ్లకు ఉండే తక్కువ ఫీజు) వర్తిస్తుందా లేదా అన్నది రాష్ట్రాన్ని, వీసాను బట్టి మారుతుంది. ఇది పక్కింటివాళ్లు చెప్పేది కాదు, అడ్మిషన్స్ ఆఫీసులోనే అడగాలి.

తర్వాత మన దేశంలో చదివిన చదువు. దాన్ని మూలన పడేసి మొదటి నుంచి మొదలుపెట్టేవాళ్లను చూస్తే బాధేస్తుంది. బీఎస్సీ నర్సింగ్ చేసినవాళ్లు ఎల్‌పీఎన్ (ఆర్‌ఎన్, అంటే రిజిస్టర్డ్ నర్సు, కంటే కింది స్థాయి నర్సు) కోర్సులో చేరాల్సిన పని లేదు. సర్టిఫికెట్ల ఎవాల్యుయేషన్ చేయించి, రాష్ట్ర నర్సింగ్ బోర్డుకు అప్లై చేసి, ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్ అనే లైసెన్సు పరీక్షకు కూర్చోవడమే. వేరే డిగ్రీ ఉంటే యాక్సిలరేటెడ్ బీఎస్‌ఎన్ (త్వరగా పూర్తయ్యే నర్సింగ్ డిగ్రీ) ఉంది, సాధారణంగా 12 నుంచి 18 నెలలు. అయితే దానికి ముందే అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ పూర్తి చేసి ఉండాలి. చాలా కాలేజీలు 5 లేదా 7 ఏళ్లు దాటిన సైన్స్ మార్కులను ఒప్పుకోవు. ఉద్యోగం చేస్తూనే సెమిస్టర్‌కు ఒక్కటి చొప్పున ఈ సబ్జెక్టులు తీసుకోండి.

బీ.ఫార్మసీ వాళ్లకు మాత్రం ఒక చిక్కుంది. 2003 జనవరి 1 తర్వాత పట్టా పొందినవాళ్లు ఫార్మసిస్టు లైసెన్సుకు వెళ్లాలంటే కనీసం అయిదేళ్ల కోర్సు చదివి ఉండాలి, నాలుగేళ్ల బీ.ఫార్మసీ సరిపోదు. ఆ ఆశ మీద ఏళ్లు పోగొట్టుకోకండి.

అందరూ నర్సులే కానక్కర్లేదు. యూనిట్‌లో పని చేస్తున్నప్పుడు పక్కన ఎవరు ఏం చేస్తున్నారో గమనించండి. ఊపిరాడని పేషెంటుకు మాస్కు సరిచేసే రెస్పిరేటరీ థెరపిస్టు, ఎక్స్‌రే తీసే రేడియాలజీ టెక్నాలజిస్టు కావడానికి అసోసియేట్ డిగ్రీ (సాధారణంగా రెండేళ్లది) చాలు. డయాలసిస్ టెక్నీషియన్ అయితే పనిలో చేరి నేర్చుకుని, 18 నెలల్లో సర్టిఫికేషన్ తెచ్చుకోవాలి. ఫ్లెబాటమీ (పరీక్షకు రక్తం తీయడం), ఈకేజీ (గుండె పరీక్ష) లాంటి చిన్న కోర్సు ఒకటి చేస్తే ఆసుపత్రిలో టెక్నీషియన్ ఉద్యోగానికి పనికొస్తుంది. వరసపెట్టి నాలుగు చేస్తే ఫీజుల ఖర్చే తప్ప హోదా మారదు.

నన్నడిగితే, వీలైనంత త్వరగా నర్సింగ్ హోమ్ (ఇక్కడ వృద్ధులను చూసుకునే కేంద్రం) నుంచి పెద్ద ఆసుపత్రికి మారండి. అక్కడ ఇన్ని రకాల పనులు కళ్లముందే కనిపిస్తాయి, పైగా చాలా ఆసుపత్రులు చదువు ఖర్చు భరిస్తాయి. అలా ఇచ్చే డబ్బులో ఏడాదికి 5,250 డాలర్ల వరకు పన్ను ఉండదు. చదువయ్యాక అక్కడే ఇన్నేళ్లు పని చేయాలన్న షరతు ఉందేమో సంతకం పెట్టే ముందు చదవండి.

ఇంటర్వ్యూలో ‘నేను కష్టపడి పని చేస్తాను’ అంటే ఎవరికీ గుర్తుండదు. చేసింది చెప్పండి. పేషెంటును పక్కకు తిప్పుతుంటే మడమ ఎర్రగా కనిపించింది, వేలితో నొక్కితే తెల్లబడలేదు, పుండు పడే సూచన అనిపించి వెంటనే నర్సుకు చెప్పాను, పిక్క కింద దిండు సర్ది మడమ పరుపుకు తగలకుండా ఉంచాం. ఇంత చాలు, మీ చూపు ఎలాంటిదో వాళ్లకు అర్థమవుతుంది.

కాలేజీలో చేరాక ఉద్యోగం పూర్తిగా మానేయాలని టెన్షన్‌లో అనిపించవచ్చు. కానీ జీతానికి చేసే కేర్ పని వరసగా 24 నెలలు లేకపోతే సీఎన్‌ఏగా ఉండటానికి మళ్లీ శిక్షణ తీసుకుని, పరీక్ష రాయాల్సి వస్తుంది. పర్ డీమ్‌గా, అంటే అవసరమైనప్పుడు వెళ్లే పద్ధతిలో, నెలకు ఒకటి రెండు షిఫ్టులైనా ఉంచుకోండి, పే స్టబ్‌లు (జీతం స్లిప్పులు) దాచుకోండి. సర్టిఫికెట్ రెన్యూవల్‌కు ఎన్ని గంటలు చూపించాలో మీ రాష్ట్ర నర్సింగ్ అసిస్టెంట్ల రిజిస్ట్రీ సైట్‌లో ఉంటుంది.