బెంగళూరులో సైటు పంచుకోవాలంటే: ముందు ప్లాను, తర్వాత ఖాతా, ఆఖరున రిజిస్ట్రేషన్

సైటు పంపకాల్లో బెంగళూరు తెలుగు కుటుంబాలు ఎక్కువగా దెబ్బతినేది వరుస దగ్గరే. మన ఊళ్లలో అన్నదమ్ములు కూర్చుని పారికత్తు (పంపకాల దస్తావేజు) రాసుకుంటారు, రిజిస్టరు చేయించుకుంటారు, ఆ తర్వాత ఆఫీసులో పేర్లు మార్పించుకుంటారు. పొలానికి అలా నడిచిపోతుంది. నగరంలో ఇంటి సైటుకు అదే పద్ధతి పట్టుకుంటే చేతిలో దస్తావేజు ఉంటుంది గానీ ఆ ముక్కకు ప్లాను దొరకదు. హక్కు ఎవరిదో దస్తావేజు చెబుతుంది. ఆ ముక్కను విడి సైటుగా ఒప్పుకోవాలా వద్దా అన్నది ప్లాను విభాగం చేతిలో ఉంటుంది. కర్ణాటక టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ చట్టం, 1961లో 17వ సెక్షన్ దీని గురించే: సైటును విడగొట్టాలన్నా, ప్రైవేటు రోడ్డు తీసి లేఅవుటు వేయాలన్నా ప్లానింగ్ అథారిటీ మంజూరు తీసుకోవాలి. మధ్యలో గోడ కట్టినంత మాత్రాన ఒక సైటు రెండు సైట్లు కావు.

ఏ ఆఫీసుకు వెళ్లాలి

2025 సెప్టెంబరు 2 నుంచి పాత బీబీఎంపీ (బృహత్ బెంగళూరు మహానగర పాలికె) లేదు. గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద సెంట్రల్, ఈస్ట్, వెస్ట్, నార్త్, సౌత్ అని ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. మనవాళ్లు ఎక్కువగా ఉండే కె.ఆర్.పురం, మహదేవపుర ప్రాంతాలు ఈస్ట్ కిందికి వస్తాయి. కార్పొరేషన్ లోపల కూడా ప్లాను మంజూరు చూసేది టౌన్ ప్లానింగ్ విభాగం, ఖాతా, అంటే పన్ను కోసం సైటును యజమాని పేరున ఎక్కించే రికార్డు, చూసేది రెవెన్యూ విభాగం. ఒకరి దగ్గరున్న ఫైలు ఇంకొకరికి తనంతట తాను వెళ్తుందని కూర్చోవద్దు.

ఊరి అంచుల్లో కొన్నవాళ్లకు లెక్క మారుతుంది. హొసకోటె, ఆనేకల్, నెలమంగల వైపు విడి ప్లానింగ్ అథారిటీలు ఉన్నాయి. దేవనహళ్లి వైపు విమానాశ్రయ ప్రాంత ప్లానింగ్ అథారిటీ ఉంది. గ్రామ పంచాయతీ సైటుకు ఖాతా బదులు ఈ-స్వత్తు (పంచాయతీ ఆస్తుల ఆన్‌లైన్ రికార్డు) ఫారం 9, ఫారం 11 ఉంటాయి. అవి పంచాయతీ ఇచ్చే కాగితాలు. లేఅవుటు మంజూరు ఇచ్చేది మాత్రం ప్లానింగ్ అథారిటీయే. "పంచాయతీ వాళ్లే నంబరు ఇచ్చారు కదా" అన్న ధీమా బ్యాంకు అప్పు దగ్గరో, ఇంటి ప్లాను దగ్గరో బెడిసికొడుతుంది.

ముక్క చేయడానికి వీల్లేనివి ముందే ఏరేయండి

అపార్ట్‌మెంటులో మీ పేరున ఉన్న భూమి వాటా విడదీయని వాటా. దాన్ని కోసి పంచడం కుదరదు. బీడీఏ (బెంగళూరు డెవలప్‌మెంట్ అథారిటీ) కేటాయించిన సైటు ఇంకా లీజు కమ్ సేల్ దశలో, అంటే ముందు లీజుకిచ్చి తర్వాత అమ్మే ఒప్పందంలో ఉంటే పూర్తి విక్రయ దస్తావేజు చేతికి వచ్చేదాకా ఆగాలి, కేటాయింపు పత్రంలోని షరతులూ చదవాలి. ఇంటి అప్పు నడుస్తుంటే బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, ఎందుకంటే వాళ్లకు తనఖా పెట్టింది మొత్తం సైటు.

గుంటల లెక్కన కొన్న రెవెన్యూ స్థలమైతే ఇంకో మెట్టు వెనక్కి వెళ్లాలి. గుంట అంటే 1,089 చదరపు అడుగులు, నలభై గుంటలు ఒక ఎకరం. పహణిలో అది ఇంకా సాగుభూమిగానే ఉంటే, కర్ణాటక భూ రెవెన్యూ చట్టం 95వ సెక్షన్ కింద డీసీ కన్వర్షన్ (సాగుభూమిని వేరే వాడకానికి మార్చే జిల్లా అధికారి అనుమతి) కాకుండా ఇళ్ల సైట్లుగా విడగొట్టే మాటే లేదు. సాగుభూమిని సాగుభూమిగానే పంచుకునేటట్టయితే 11ఈ స్కెచ్ (విడదీసే భాగాన్ని చూపే సర్వే పటం) తీయించాలి. సర్వే నంబరులో కొంత భాగం రిజిస్టరు చేయాలంటే ఆ స్కెచ్ తప్పనిసరి. తర్వాత పోడి (సర్వే రికార్డులో విభజన) చేయించి హిస్సా నంబరు (వాటా ఉపసంఖ్య) వేరు చేయించుకోవాలి.

బి-ఖాతా (సరైన మంజూరు లేని సైట్లను పన్ను కోసం ఎక్కించే ఖాతా) సైటుదారులకు ఒక మాట: ముందు ఏ-ఖాతాకు మార్చుకోండి, ముక్కల సంగతి తర్వాత. 2,000 చదరపు మీటర్ల లోపు సైట్లను మార్చే పథకం 2025 నవంబరు 1న మొదలైంది. అప్పుడు ప్రకటించిన రుసుము గైడెన్స్ విలువలో (ప్రభుత్వం కట్టిన ధరలో) 5 శాతం. ముందే ముక్కలు చేస్తే మంజూరు లేని సైటు ఒకటి కాస్తా రెండవుతుంది.

రాజకాలువ (వాన నీటి కాలువ) పక్కన ఉన్న సైటైతే బఫరు, అంటే కట్టడం లేకుండా వదలాల్సిన దూరం, కొలవండి. 2015 మాస్టర్ ప్లానులో పెద్ద కాలువకు 50, మధ్యరకానికి 25, చిన్నదానికి 15 మీటర్లు, కాలువ మధ్య నుంచి. మొత్తం సైటులో ఓ మూల బఫరులో పడితే ఇల్లు పక్కకు జరిపి కట్టుకోవచ్చు. విడగొట్టాక ఆ మూల ఒకరి వాటా అంతా అయిపోతే? పంపకాలకు ముందే గ్రామ నక్షా తెప్పించి చూడండి.

కొలత

దస్తావేజులో 40×60 అని ఉంటుంది. నేల మీద టేపు పెడితే ఒక పక్క 39 అడుగుల 4 అంగుళాలు తేలవచ్చు. నాలుగు పక్కలూ కొలిస్తే చాలదు, రెండు కర్ణాలూ కొలవాలి. సరైన 40×60కి కర్ణం 72 అడుగుల ఒక అంగుళం పైచిలుకు వస్తుంది. రెండు కర్ణాల్లో తేడా కనబడితే సైటు మూల వంకర ఉన్నట్టు. మూల సైట్లలో, రోడ్డు మలుపు దగ్గర ఇది మామూలే. లైసెన్సు ఉన్న సర్వేయరుతో టోటల్ స్టేషన్ (సర్వే కొలత యంత్రం) పెట్టించి నాలుగు మూలలకూ రాళ్లు పాతించండి. తేడా బయటపడితే ఇప్పుడే పొరుగువారితో తేల్చుకోండి. అడుగులు, మీటర్లు రెండూ స్కెచ్‌లో రాయించండి: 40 అడుగులు 12.19 మీటర్లు, 60 అడుగులు 18.29. ఒక కాగితంలో 12.2, ఇంకో కాగితంలో 12.19 ఉంటే ఆన్‌లైన్‌లో విస్తీర్ణాలు కలవక ఫైలు వెనక్కి వస్తుంది.

ఎలా కోయాలి

40 అడుగులు రోడ్డు వైపు, 60 లోతు అనుకుందాం. రెండు దారులున్నాయి. నిలువునా కోస్తే రెండు 20×60లు. ఇద్దరికీ రోడ్డు ముఖం ఉంటుంది, గొడవ తక్కువ. కాకపోతే ఖాళీ వదిలే కొలతలు ప్రతి ముక్కకూ విడివిడిగా వర్తిస్తాయి గనక ఇరవై అడుగుల వెడల్పులో రెండు పక్కలా వదిలితే గదులు సన్నబడతాయి.

అడ్డంగా కోస్తే ముందొకటి, వెనకొకటి. వెనకవారికి దారి కావాలి, తగాదాలు పుట్టేది ఇక్కడే. 5 అడుగుల దారి వదిలి సరిగ్గా 30 అడుగుల లోతులో గీత గీస్తే ముందువారికి 35×30, అంటే 1,050 చదరపు అడుగులే మిగులుతుంది. వెనకవారికి దారితో కలిపి 1,350. సమానం కావాలంటే గీత 34 అడుగుల మూడున్నర అంగుళాల దగ్గర పడాలి. అప్పుడు ముందు 35 అడుగుల వెడల్పున 1,200, వెనక 1,029, దారి 171, అవి రెండూ కలిపి 1,200. పైగా 5 అడుగుల్లో బైకు పోతుంది, కారు పోదు. వెనక ముక్కను విడి సైటుగా మంజూరు చేయాలంటే దారి వెడల్పు ఎంత ఉండాలో గీత గీయకముందే ప్లాను విభాగంలో అడగండి. వీలైతే నిలువు కోతే మేలు.

పాత ఇల్లు ఉంటే ఇంకో చిక్కు. 2,400 చదరపు అడుగుల సైటులో 3,000 చదరపు అడుగుల కట్టడం ఉంటే సైటుతో కట్టడం నిష్పత్తి 1.25. ఇల్లున్న సగాన్ని 1,200గా విడదీస్తే అదే ఇల్లు 2.5 అవుతుంది. నిన్నటిదాకా నిబంధనలకు లోబడి ఉన్న ఇల్లు గీత గీయగానే ఉల్లంఘన కిందికి వస్తుంది. కొత్త సరిహద్దు ఇంటి గోడకు ఎన్ని అడుగుల దూరంలో పడుతుందో కూడా చూడాలి.

అర్జీ, ఖాతా, రిజిస్ట్రేషన్

మంజూరు అర్జీతో పెట్టాల్సినవి: మూల దస్తావేజు, దానికి ముందరి దస్తావేజుల వరుస, ఈ-ఖాతా, ఈ ఏడాది దాకా పన్ను రశీదు, ఈసీ (ఆస్తి మీది లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), కన్వర్షన్ ఉత్తర్వు, మాతృ లేఅవుటు మంజూరు నకలు, సర్వేయరు సంతకంతో ఉన్నదీ విడగొట్టాలనుకుంటున్నదీ చూపే డ్రాయింగు, యజమానులందరి సంతకాలు. ఈసీలో ఫారం 15 వస్తే లావాదేవీలు ఉన్నట్టు, ఫారం 16 వస్తే లేనట్టు. ఆన్‌లైన్ ఈసీ 2004 ఏప్రిల్ నుంచే దొరుకుతుంది. అంతకు ముందరిది సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో చేతిరాత పుస్తకాల నుంచి తీయించాలి. పాత తనఖాలు దాక్కునేది అందులోనే గనక దాన్ని వదిలేయకండి.

మంజూరు వచ్చాక రెవెన్యూ విభాగంలో ఖాతా విభజన. కన్నడలోనూ అదే మాట. ఒక్కో ముక్కకూ విడి ఈ-ఖాతా, విడి గుర్తింపు సంఖ్య వస్తాయి. 2024 అక్టోబరు నుంచి బెంగళూరులో రిజిస్ట్రేషన్‌కు ఈ-ఖాతా తప్పనిసరి. రిజిస్ట్రేషన్ శాఖ కావేరి పోర్టల్ సైటు వివరాలను అక్కడినుంచే లాగుతుంది. ఈ-ఖాతాలో 2,400 ఉండి దస్తావేజులో 1,200 రాస్తే రెండూ పొంతన కుదరవు. అందుకే ఖాతా విడగొట్టాకే రిజిస్ట్రేషన్. కుటుంబ పంపకమైతే ముందు రెండు ఖాతాలూ ఉమ్మడి పేర్ల మీదే తెచ్చుకుని, పారికత్తులో ఏ ఖాతా ఎవరికో రాసుకోవడం శుభ్రమైన పద్ధతి.

దస్తావేజు చివర ఆస్తి వివరాలు రాసే షెడ్యూళ్లలో ‘ఎ’ షెడ్యూలుకు మొత్తం సైటు, ‘బి’, ‘సి’ షెడ్యూళ్లకు వాటాలు, దారి ఉంటే ‘డి’ షెడ్యూలుకు దారి. ప్రతి షెడ్యూలుకూ కొత్త చెక్కుబందీ రాయాలి. పాత దస్తావేజులోని హద్దులే దించేయడం రాతగాళ్లకు అలవాటు. కొత్త ముక్కకు ఒక హద్దు అన్నదో తమ్ముడిదో అయి ఉంటుంది కదా, అది కనబడకపోతే రాత తప్పన్నమాట. దారి ఎవరి సొంతమో, దాని కింద మురుగు పైపు, నీటి పైపు వేసుకునే హక్కు ఎవరికో స్పష్టంగా రాయించండి.

అమ్మకమైతే 45 లక్షలు దాటిన ఆస్తికి స్టాంపు డ్యూటీ 5 శాతం, దాని మీద సెస్సు, సర్‌చార్జీ. రిజిస్ట్రేషన్ రుసుము 2025 ఆగస్టు 31 నుంచి 2 శాతం. కుటుంబ పంపకానికి ఇలా శాతం లెక్క ఉండదు, వాటాకు ఇంత అని ఉంటుంది. అన్నదమ్ముల మధ్య క్రయం రాసి డబ్బు పోగొట్టుకోకండి.

మనవాళ్ల ఫైళ్లు ఆగే చోట్లు

పేరు మొదటిది. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, దస్తావేజులో పొడి అక్షరాలు, ఖాతాలో ఇంటిపేరే లేదు. మూడు రకాల పేర్లు ఒకే మనిషివని నిరూపించే అఫిడవిట్ ముందే తయారు పెట్టుకోండి. వీలైతే ఆధార్‌నే సరిచేయించుకోండి.

రెండోది వారసత్వం. సైటు బెంగళూరులో, నాన్నగారు పోయింది అనంతపురంలోనో చిత్తూరులోనో అయితే మరణ పత్రం, కుటుంబ సభ్యుల పత్రం అక్కడినుంచి తేవాలి. ఇక్కడ వంశవృక్షం అడుగుతారు, అది నాడకచేరి (రెవెన్యూ శాఖ స్థానిక ఆఫీసు) ద్వారా వస్తుంది. రెండింట్లో పేర్ల సంఖ్య ఒకటే ఉండాలి. "అక్కకు పెళ్లిలో ఇచ్చేశాం" అన్న మాట ఆఫీసులో చెల్లదు. 2005 సవరణ తర్వాత ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఉంది, నాన్నగారు అంతకుముందే పోయినా సరేనని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆడపడుచుల సంతకమో, రిజిస్టరైన హక్కు విడుదల పత్రమో లేని ఫైలు ముందుకు కదిలినా తర్వాత కోర్టుకు ఎక్కుతుంది.

మూడోది భాష. నోటీసులు కన్నడలో వస్తాయి, గడువు అందులోనే ఉంటుంది. ఏజెంటు చదివి చెబుతాడులే అని వదిలేయకండి. అర్జీ ఇచ్చిన రోజే సకాల (గడువులోగా సేవలందించే కర్ణాటక ప్రభుత్వ పథకం) రశీదు తీసుకుని దాని మీది నంబరు మీ దగ్గర పెట్టుకోండి. ఫైలు ఎక్కడుందో దాంతోనే వాకబు చేయాలి.

వీధిలో ఇంకెవరో విడగొడుతుంటే

లేఅవుటులో పార్కు, సీఏ సైటు (ప్రజా సౌకర్యాలకు కేటాయించిన సైటు) అని చూపిన చోట ఎవరైనా ముగ్గు పోసి ముక్కలు చేస్తుంటే నోటిమాటగా అరిచి లాభం లేదు. బీడీఏ లేఅవుటులో పార్కులనూ సీఏ సైట్లనూ వేరే పనికి ఇవ్వడాన్ని బీడీఏ చట్టం 38ఏ సెక్షన్ నిషేధిస్తుంది. మంజూరైన లేఅవుటు నకలు మీద ఆ చోటు గుర్తుపెట్టి, సర్వే నంబరు, తేదీ ఉన్న ఫొటోలు జతచేసి టౌన్ ప్లానింగ్, రెవెన్యూ విభాగాలు రెండింటికీ రాతపూర్వక అభ్యంతరం ఇవ్వండి. నకలు మీద ముద్ర వేయించుకోండి. ఒక్కరి పేరున కాకుండా రిజిస్టరైన నివాసుల సంఘం పేరున ఇస్తే బలం. సంఘం లేకపోతే పది ఇళ్లవాళ్లు సంతకం పెట్టండి.

లేఅవుటు నకలు ఇవ్వకపోతే సమాచార హక్కు అర్జీ పెట్టండి. కర్ణాటకలో రుసుము 10 రూపాయలు, అర్జీ 150 పదాలు దాటకూడదు, ఒక అర్జీలో ఒకే విషయం అడగాలి. పార్కు గురించీ, పొరుగు సైటు మంజూరు గురించీ కలిపి అడిగితే తిప్పి పంపుతారు. కాబట్టి రెండు అర్జీలు. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తర్వాతి 30 రోజుల్లోపు అదే ఆఫీసులోని మొదటి అప్పీలు అధికారికి రాయండి.