మెడికల్ స్కూల్ అప్లికేషన్, పాఠం 4: పాత తక్కువ గ్రేడ్ల గురించి రాయడం

పోయిన పాఠంలో మీ ట్రాన్‌స్క్రిప్ట్‌ని సెమిస్టర్లవారీగా విడదీసి రాసుకోమన్నాను. ఆ కాగితం పక్కన పెట్టుకుని ఇది చదవండి.

అమెరికాలో ఎం.డి. స్కూళ్లలో ఎక్కువ భాగానికి అప్లికేషన్ ఆమ్‌కాస్ (AMCAS) అనే ఉమ్మడి అప్లికేషన్ సర్వీస్ ద్వారా వెళ్తుంది. ఒక కోర్సు రెండోసారి తీసుకుంటే అక్కడ రెండు గ్రేడ్లూ లెక్కలోకి వస్తాయి. డాక్టర్ అవడానికి అక్కడున్న రెండో దారి అయిన డి.ఓ. (ఆస్టియోపతిక్ మెడిసిన్) స్కూళ్ల అప్లికేషన్‌లో ఒకప్పుడు కొత్త గ్రేడే లెక్కించేవారు, 2017లో అదీ ఆగిపోయింది. కాబట్టి పాత గ్రేడ్‌ని చెరిపేసే దారి వెతకకండి.

లెక్క చూడండి. 90 క్రెడిట్లకు జీపీఏ (గ్రేడ్ల సగటు) 4కి 2.9 ఉన్నవాళ్లు ఇంకో 30 క్రెడిట్లలో అన్నీ ఎ గ్రేడ్లే, అంటే 4లే, తెచ్చుకున్నా మొత్తం జీపీఏ 3.18 దగ్గరే ఆగుతుంది. ఇది చూసి చాలామంది డీలాపడిపోతారు. అయితే ఆమ్‌కాస్ మీ జీపీఏని ఏడాదివారీగా కూడా చూపిస్తుంది. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ కలిపి వేరే లెక్క కడుతుంది. చదివేవాళ్లకు ఆ చివరి 30 క్రెడిట్లు విడిగా కనిపిస్తాయి. మీరు రాసే వివరణ వాళ్ల చూపుని అక్కడికి తీసుకెళ్లాలి.

ఇప్పుడు అసలు పని. వ్యాసం ఇంగ్లీషులోనే రాస్తారు, ఇక్కడ భావం తెలుగులో ఇస్తున్నాను. మొదటి చిత్తుప్రతి ఎక్కువగా ఇలా ఉంటుంది:

"కొన్ని వ్యక్తిగత సమస్యల వల్ల రెండో సంవత్సరంలో నా గ్రేడ్లు తగ్గాయి. అవి నా అసలు సామర్థ్యాన్ని చూపించవు. ఆ అనుభవం నన్ను ఎంతో బలంగా మార్చింది."

ఏ కోర్సో లేదు, ఏం జరిగిందో లేదు, ఏం మారిందో అసలే లేదు. దీన్నే ఇలా తిరగరాద్దాం:

"రెండో సంవత్సరం ఆర్గానిక్ కెమిస్ట్రీలో నాకు సి మైనస్ వచ్చింది. అప్పుడు వారానికి 25 గంటలు ఉద్యోగం చేస్తూ, అర్థం కానిచోట ఎవరినీ అడగకుండా పరీక్ష ముందు రాత్రి చదివేదాన్ని. తర్వాత పని 10 గంటలకు తగ్గించుకుని, ప్రతి వారం ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌కి లెక్కలు పట్టుకెళ్లాను. అదే కోర్సు మళ్లీ తీసుకుంటే ఎ మైనస్, ఆ తర్వాత బయోకెమిస్ట్రీలో ఎ వచ్చాయి."

కారణానికి ఒక్క వాక్యమే. మార్పు, దాని రుజువు మిగతా చోటంతా తీసుకున్నాయి. ఉద్యోగం మీద నెపం వేయకుండా చదివే తీరులోని లోపాన్ని కూడా ఒప్పుకుంది. ప్రొఫెసర్‌ని నిందించే వాక్యం మాత్రం, అది నిజమైనా సరే, తీసేయండి. అనారోగ్యం కారణమైతే రోగం వివరాలు అక్కర్లేదు, ఇప్పుడు చదువుకు అడ్డం లేదని చెబితే చాలు.

గ్రేడ్లు తగ్గిన కాలమే మిమ్మల్ని వైద్యం వైపు నడిపించి ఉంటే తప్ప, దీన్ని పర్సనల్ స్టేట్‌మెంట్‌లో (అప్లికేషన్‌లోని ముఖ్య వ్యాసంలో) ఇరికించకండి. అక్కడున్న 5,300 అక్షరాలు డాక్టర్ ఎందుకు కావాలనుకుంటున్నారో చెప్పడానికే బొటాబొటిగా సరిపోతాయి. చాలా స్కూళ్ల సెకండరీలో (మొదటి అప్లికేషన్ తర్వాత ఒక్కో స్కూల్ విడిగా పంపే అప్లికేషన్‌లో) చదువులో వచ్చిన ఇబ్బందుల గురించి ప్రశ్న ఉంటుంది, దాని చోటు అదే. ఆమ్‌కాస్‌లో మీ మీద ప్రభావం చూపిన ఇతర అనుభవాల కోసం 1,325 అక్షరాల వ్యాసం ఉంది కానీ, అది ఇంటి పరిస్థితులు, డబ్బు, చదువుకునే అవకాశాలు లాంటి పెద్ద అడ్డంకుల కోసం. చదువుకోక తగ్గిన గ్రేడ్‌కి అది వాడకండి. మిగతా రికార్డంతా బాగుండి ఒక్క సి ఉంటే, అడగనిదే ఆ ఊసే ఎత్తొద్దు.

రుజువు వాక్యంలో రాయడానికి మీ దగ్గర ఇంకా ఏమీ లేకపోతే? అప్పుడు ఎంత చక్కగా రాసినా లాభం లేదు. ఈ ఏడాది అప్లై చేయకుండా ఆగి, పై స్థాయి సైన్స్ కోర్సులు గానీ పోస్ట్‌బ్యాక్ (డిగ్రీ తర్వాత చేసే అదనపు కోర్సులు) గానీ పూర్తిచేయండి. ఏడాది ఆలస్యమని టెన్షన్ పడతారని తెలుసు, కానీ తొందరపడి అన్ని స్కూళ్ల దగ్గరా కాదనిపించుకోవడం కంటే ఇదే మంచిది. మెడికల్ స్కూల్ ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ (MCAT)లో మంచి స్కోర్ తోడైతే మాట ఇంకా గట్టిపడుతుంది, కానీ అది సెమిస్టర్ల తరబడి నిలకడగా చదవడానికి బదులు కాదు.

అభ్యాసం: మీ కాగితంలో అన్నిటికంటే తక్కువ జీపీఏ వచ్చిన సెమిస్టర్ తీసుకోండి. నాలుగు వాక్యాలే రాయండి: ఏం వచ్చింది, ఎందుకు, ఏం మార్చారు, తర్వాత ఏం వచ్చింది. రాశాక మూడో వాక్యంలో "కష్టపడ్డాను" అని ఉంటే కొట్టేసి, అక్కడ మీరు నిజంగా చేసిన పని పెట్టండి. వచ్చే పాఠంలో ఇదే ప్రశ్న ఇంటర్వ్యూలో ఎదురైతే నిమిషంలోపు నోటితో చెప్పడం సాధన చేద్దాం, ఆ నాలుగు వాక్యాలూ అప్పుడు కావాలి.