సినిమా చూసి అభిప్రాయం రాయడం – అయిదో పాఠం: ‘లాజిక్ లేదు’ అనేముందు

పోయిన పాఠంలో ‘ముడి విప్పకండి’ అన్నాను. మీరు ఆ మాట మరీ గట్టిగా పట్టుకున్నారు. అభ్యాసానికి వచ్చిన కాగితాల్లో ఎక్కువ భాగం ఇదే వరస: ‘ఒక వ్యక్తి జీవితంలో ఒక రాత్రి జరిగిన ఒక సంఘటన ఎక్కడికి దారి తీసిందన్నదే కథ. ట్విస్టులు బాగున్నాయి. చివరి అరగంట చెప్పకూడదు, చూడాల్సిందే.’ ఇది ఏ సినిమాకైనా అతుకుతుంది. పొడుపుకథ వేసేవాళ్లు కూడా ఏదో ఒక గుర్తు ఇస్తారు, ఇందులో అదీ లేదు. తప్పులో సగం నాది. ఏది దాచాలో చెప్పాను గానీ, ఏది దాచకూడదో చెప్పలేదు. ముందు ఆ బాకీ తీరుస్తాను.

మొదటి పాఠంలో మనం కల్పించుకున్న నమూనా కథనే తీసుకోండి. సింహాచలానిది మన శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట దగ్గర పల్లె. పదిహేనేళ్లుగా హైదరాబాద్ కూకట్‌పల్లిలో లిఫ్ట్ మెకానిక్. తొమ్మిదేళ్ల కూతురిని ఎత్తుకుపోయారు. వాళ్లు డబ్బు అడగలేదు. ఒక అపార్ట్‌మెంట్‌లో తెల్లవారుజాము నాలుగింటికి లిఫ్ట్‌ని రెండంతస్తుల మధ్య ఆపమన్నారు. అందులో ఎవరుంటారో అతనికి చెప్పలేదు. సినిమా నిడివి 140 నిమిషాలు అనుకుందాం.

మొదటి పాతిక నిమిషాల్లో తెర మీద కనిపించినదేదీ దాచనక్కర్లేదు. తండ్రి పనేమిటి, పిల్ల వయసెంత, ఎదుటివాళ్లు ఏమడిగారు, గడువెంత – ఈ నాలుగూ చెప్పి తీరాలి. పాతిక నుంచి సుమారు నూరో నిమిషం దాకా తండ్రి ఏం చెయ్యాలనుకున్నాడో చెప్పొచ్చు, దాని ఫలితం చెప్పకూడదు. ఆ తర్వాత భాగం గురించి రాసేటప్పుడు నడక ఎలా ఉందో రాయండి, ఏం జరిగిందో వద్దు.

దాచేసిన వాక్యం: ‘తండ్రి తీసుకున్న ఒక నిర్ణయం షాక్ ఇస్తుంది.’
విప్పేసిన వాక్యం: ‘లిఫ్ట్‌లో ఉన్నది తన ఓనరేనని తెలిశాక సింహాచలం కరెంటు తిరిగి ఇచ్చేస్తాడు.’
రాయాల్సిన వాక్యం: ‘లిఫ్ట్‌లో ఎవరున్నారో తెలిసిన క్షణంలో అతని చెయ్యి స్విచ్ మీద ఉంటుంది. దర్శకుడు ఆ చేతిని చాలాసేపు వదలడు. ఆ కాసేపట్లోనే సినిమా నాకు నచ్చింది.’

మూడోదాంట్లో ముడి విప్పలేదు, చదివేవాడికి మాత్రం చూడటానికి ఒక చోటు దొరికింది.

ఇంకో చిన్న ఫిర్యాదు. హాల్లో ఫోన్ వెలిగించి నోట్సు రాసుకుంటే వెనకవాళ్లు తిట్టారట. తిట్టరా మరి! చీకట్లో రాయొద్దు. ఇంటర్వెల్ వెలుగులో, సమోసా కొనే ముందే, మడతపెట్టిన కాగితం మీద అయిదు మాటలు రాసుకోండి. వాక్యాలు వద్దు. ‘తాళంచెవి, ఛార్జింగ్, భార్య ఫోను, వాన, ఎస్సై చెప్పులు’ – ఇలా. సినిమా అయ్యాక మరో అయిదు. ఈ పది మాటల్లో ఇంటికెళ్లేసరికి గుర్తురానివి కొట్టేయండి. మిగిలినవాటితోనే రాయాలి. నేను వాడే అడ్డదారి ఇదొక్కటే.

నటీనటులు, నిడివి, సర్టిఫికెట్ ఎక్కడ రాయాలో మళ్లీ చెప్పను. ఒక్క మాట మాత్రం. ఇప్పుడు యూఏలో 7+, 13+, 16+ అని మూడు రకాలున్నాయి, ఉత్త ‘యూఏ’ అని రాసి వదిలేయకండి. పిల్ల అపహరణ ఉన్న సినిమాకి మన ఊళ్లో జనం మొదట అడిగేది ‘పిల్లల్ని తీసుకెళ్లొచ్చా’ అనే.

ఇక అసలు సంగతి. వచ్చిన కాగితాల్లో నన్ను ఎక్కువ విసిగించిన మాట ‘లాజిక్ లేదు’. దీని కింద మీరు మూడు వేరువేరు ఫిర్యాదులు కలిపి కుక్కుతున్నారు. వాటిని విడదీయడం వస్తే ఈ పాఠం వచ్చినట్టే.

మొదటిది: బయటి లోకంలో అలా జరగదు. ఇది న్యాయమైన ఫిర్యాదే గానీ, ముందు బయటి లోకం మీకు సరిగ్గా తెలిసుండాలి. ఉదాహరణకి, లిఫ్ట్ తాడు ఒకటి తెగగానే డబ్బా పాతాళానికి పడిపోయిందనుకోండి. తాళ్ల మీద నడిచే లిఫ్టులకి ఒకటి కాదు, కొన్ని తాళ్లుంటాయి. అన్నీ పోయినా, వేగం హద్దు దాటగానే గవర్నర్ అనే వేగం కనిపెట్టే పరికరం పనిచేసి, డబ్బా కింది పట్లు పక్కనుండే ఇనప పట్టాలను (గైడ్ రెయిల్స్) కరుచుకుంటాయి. లిఫ్ట్ మెకానిక్ కథలో ఇది తప్పితే అది పెద్ద తప్పే, ఎందుకంటే తండ్రికి తెలిసిన ఒకే విద్య అది. అదే లిఫ్ట్ వేరే కథలో ఒక్క నిమిషం కనిపించి పోతే దాని మీద పేరా ఖర్చుపెట్టకండి.

మరికొన్ని. రుమాలు ముక్కుకి పెట్టగానే రెండు సెకన్లలో స్పృహ తప్పడం: క్లోరోఫామ్‌కి నిమిషాలు పడుతుంది. నంబరు కొట్టగానే మ్యాప్ మీద ఎర్రచుక్క సందు సందునా కదలడం: కాల్ రికార్డులో ఫోను ఏ టవర్ పరిధిలో ఉందో తెలుస్తుంది గానీ ఏ గదిలో ఉందో తెలియదు, మాట్లాడిన మాటలైతే అందులో అసలుండవు. పట్నంలో ఒక టవర్ పరిధి చిన్నది, పల్లెలో కిలోమీటర్లుంటుంది. సీసీటీవీలో మసకగా ఉన్న మొహాన్ని జూమ్ చేయగానే తేటపడటం: కెమెరా పట్టని వివరాన్ని జూమ్ పుట్టించలేదు. రాత్రి రెండింటికి మియాపూర్ మెట్రో ఎక్కడం: ఆ వేళకి అది నడవదు. పిల్ల పోయిందని విన్న మేనమామ ఆమదాలవలసలో రైలెక్కి, రెండు సీన్లయ్యేసరికి, ఇంకా తెల్లారకముందే కూకట్‌పల్లిలో తలుపు కొట్టడం: ఆ ప్రయాణానికి ఒక రాత్రంతా పడుతుందని మన స్టేషన్లో చాయ్ అమ్మేవాడు కూడా చెబుతాడు. ఇలాంటివి పట్టడంలో శ్రీకాకుళం ప్రేక్షకుడికి మించినవాడు లేడు. ఇక్కడ వలస పోయినవాళ్లు లేని వీధి లేదు.

ఇప్పుడు చాలామంది బోల్తాపడే చోటుకి వద్దాం. ఎస్సై తండ్రితో అంటాడు: ‘ఇరవై నాలుగు గంటలు ఆగి రా.’ మీలో కొందరు ‘రూలు ప్రకారం బాగా చూపించారు’ అన్నారు, కొందరు ‘రూలు అలా లేదు, లాజిక్ లేదు’ అన్నారు. ఇద్దరివీ తప్పే. అలాంటి రూలు లేదన్నది నిజం. శిక్షార్హమైన నేరం గురించి సమాచారం అందితే, వారెంటు లేకుండా పట్టుకోదగ్గ కేసుల్లో ఎఫ్ఐఆర్ రాయడం తప్పనిసరని లలితా కుమారి కేసులో 2013లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఆ కేసు మూలం కూడా మైనర్ కూతురిని ఎత్తుకుపోయారని ఫిర్యాదు చేస్తే పోలీసులు కదల్లేదన్న ఒక తండ్రి మొరే. పిల్లలు కనిపించకుండా పోయిన ఫిర్యాదుల్లో కేసు కట్టాలని అదే ఏడు ఇంకో తీర్పులోనూ కోర్టు చెప్పింది. మా పరిధి కాదని తిప్పి పంపడానికీ లేదు. ఏ స్టేషన్లోనైనా సమాచారం తీసుకోవాలన్నది 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టంలోనే ఉంది, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటున్నారు.

అంతమాత్రాన సినిమా తప్పుచేసినట్టు కాదు. ఆ మాట అన్నది ఎస్సై, దర్శకుడు కాదు. బద్ధకంతోనో భయంతోనో అబద్ధం చెప్పే ఎస్సై ఉండొచ్చు, కథకి వాడే బలం కావచ్చు. మీరు చూడాల్సింది ఆ అబద్ధానికి సినిమాలో తర్వాత ఖరీదు పడిందా లేదా అని. ఎక్కడా పడకపోతే, తండ్రి, లాయరు, విలేకరి అందరూ దాన్ని చట్టంగానే ఒప్పుకుని నడిస్తే, అప్పుడది దర్శకుడి తప్పు. పాత్ర తప్పు, సినిమా తప్పు – ఈ రెండింటి మధ్య గీత గీయలేనంతకాలం ‘లాజిక్’ అన్న మాట మీ కలంలోకి రానివ్వకండి.

రెండోది: సినిమా తానే పెట్టిన నియమాన్ని తానే తప్పింది. నన్నడిగితే ‘లాజిక్ లేదు’ అన్న మాట దీనికొక్కదానికే చెల్లుతుంది. రాత్రి పదింటికి సింహాచలం ఫోనులో 8 శాతం ఛార్జింగ్ ఉందని దగ్గరగా చూపించి, ఎక్కడా ఛార్జర్ పెట్టకుండా మూడింటికి వీడియో కాల్ చేయించారు. లేదా అతని జేబులో మూడుపలకల తాళంచెవి ఉందని పన్నెండో నిమిషంలో చూపించి (లిఫ్ట్ బయటి తలుపు తెరిచే చెవి అదే), తొంభయ్యో నిమిషంలో తలుపు బద్దలుకొట్టడానికి ఇనపరాడ్డు వెతికించారు. ఇక్కడ మీకు చట్టమూ తెలియక్కర్లేదు, లిఫ్టూ తెలియక్కర్లేదు. ముందు పెట్టినది తర్వాత వాడాడా, తర్వాత వాడినది ముందు పెట్టాడా అని చూస్తే చాలు. ఇంటర్వెల్‌లో రాసుకున్న ఆ అయిదు మాటలు పనికొచ్చేది ఇక్కడే.

మూడోది: ‘నేనైతే అలా చెయ్యను.’ ఇది లాజిక్ కాదు, మీ స్వభావం. పోలీసుల దగ్గరికి వెళ్లకుండా ఒక్కడే బయల్దేరాడని సింహాచలాన్ని తిట్టిన కాగితాలు చాలా ఉన్నాయి. తెలివిగా 112కి ఫోన్ చేసి ఇంట్లో కూర్చుంటే ఇరవయ్యో నిమిషంలో శుభం కార్డు వేయాలి. దిక్కుతోచని తండ్రి తప్పు చేయడమే ఈ రకం సినిమాకి ఇంధనం. మీరు అడగాల్సినవి రెండే. ఆ తప్పుకి కారణం ముందే కనబడిందా? పాత కేసులో స్టేషన్లో దెబ్బలు తిన్నాడనో, అప్పిచ్చినవాడు ఆ ఎస్సైకి బావమరిదనో ఏదో ఒకటి ఉండాలి. రెండోది, ఒక్కో తప్పుకీ ధర పెరుగుతోందా? మొదట జీతం, తర్వాత ఉద్యోగం, తర్వాత భార్య నమ్మకం, ఆఖరికి పరాయి పిల్ల ప్రాణం – ఇలా మెట్లు ఎక్కాలి. ఒకే మెట్టు మీద నాలుగుసార్లు పరుగెత్తిస్తే, మీరు ‘సెకండాఫ్ ల్యాగ్’ అని రాసేది దాన్నే. ల్యాగ్ అన్న మాట కొట్టేసి, ఏ మెట్టు దగ్గర ఆగిందో రాయండి.

మాజీ కమాండో తండ్రులంటే నాకు పడదు. చేతికి విద్య ముందే ఉన్నవాడు దిక్కులేనివాడెలా అవుతాడు? ఇది నా పక్షపాతం, మీకు ఉండక్కర్లేదు. ఉంటే మాత్రం మొదటి పేరాలోనే ఒప్పేసుకోండి, చదివేవాడు తగ్గించుకుని చదువుకుంటాడు.

యాస గురించి ఇద్దరు ముగ్గురు అడిగారు. తెర మీద తండ్రిది మన జిల్లా అన్నారు, ‘ఏటి’ అన్న మాట పెట్టారు, కాబట్టి బాగుందని రాయాలా? ఆ మాట ఎక్కడ పెట్టారో చూడండి. పదిహేనేళ్లు హైదరాబాద్‌లో ఉన్నవాడు మేనేజరు ముందు కలగాపులగంగా మాట్లాడటం సహజం. భయం పట్టినప్పుడు, అర్ధరాత్రి భార్యకి ఫోన్ చేసినప్పుడు నోట్లోకి ఊరి మాట వస్తుంది: ‘గుంట కనబడ్నేదే, ఏటి సెయ్యమంతావు?’ (గుంట అంటే ఆడపిల్ల.) చాలా సినిమాల్లో ఇది తలకిందులుగా ఉంటుంది. నవ్వించే సీన్లో యాస, ఏడ్చే సీన్లో పుస్తక భాష. అలా కనిపిస్తే తప్పకుండా రాయండి. ఒక్క వాక్యంలో, ఆ సీన్ పేరు పెట్టి. మూడు పేరాలు రాస్తే అది సినిమా మీద అభిప్రాయం కాదు, పౌరుషం.

ఇతరుల అభిప్రాయం అడిగి రాసేవాళ్లకి ఒక్క మాట. ఆట వదిలాక శ్రీకాకుళంలో సూర్యమహల్ జంక్షన్లోనో, విజయనగరంలో గంటస్తంభం దగ్గరో టీ తాగేవాళ్లని ‘ఎలా ఉంది’ అని అడిగితే ‘పరవాలేదు’ అనే అంటారు. ‘ఎక్కడ ఫోన్ తీసి చూసుకున్నారు?’ అని అడగండి. నిజం చెబుతారు. ఆరుగురిలో నలుగురు ఒకే సీన్ చెబితే ఆ సీన్ గురించి మీ కాగితంలో ఉండాలి, మీకది నచ్చినా సరే.

అభ్యాసం. ఈసారి కాస్త బరువైనదే. తండ్రి పాత్ర నడిపించే నేర కథ ఒకటి, మీకు నచ్చనిదైతే మరీ మంచిది, రెండుసార్లు చూడండి. మొదటిసారి మామూలుగా. రెండోసారి గడియారం పక్కన పెట్టుకుని, తండ్రి తీసుకున్న నిర్ణయాలన్నీ నిమిషంతో సహా వరసగా రాయండి. పన్నెండు దాకా వస్తాయి. ఎనిమిదికి తక్కువైతే మీరు నిద్రపోయారు, లేదా ఆ తండ్రి నిద్రపోయాడు. ఒక్కోదాని పక్కన మూడు గడులు గీయండి: కారణం ఏ నిమిషంలో కనబడింది, ధర ఏమిటి, తప్పు పాత్రదా సినిమాదా. ఇంటర్వెల్ తర్వాతి ఇరవై నిమిషాలు శబ్దం తీసేసి చూసి, మొహాల్ని బట్టి ఎంత అర్థమైందో కింద రాయండి. ఆ తర్వాతే అభిప్రాయం – 150 మాటలు, ఒక్కటి ఎక్కువ కాకూడదు. వాడకూడని మాటలు: బాగుంది, బాలేదు, ల్యాగ్, ట్విస్ట్, సెంటిమెంట్, గూస్‌బంప్స్, లాజిక్. రేటింగ్ చుక్కలు పెట్టిన కాగితాన్ని చదవకుండా పక్కన పడేస్తాను.

గడుల కాగితం, అభిప్రాయం కాగితం విడివిడిగా ఉంచండి. ఆరో పాఠంలో నేపథ్య సంగీతం గురించి మాట్లాడేటప్పుడు ఆ శబ్దం తీసేసిన ఇరవై నిమిషాల నోట్సు మళ్లీ కావాలి. చింపేయొద్దు.