జూన్ సరుకులు కొనే ముందు చూసుకోవలసినవి

వానలు మొదలయ్యే నెలకు సరుకుల చీటీ రాసేముందు ఈ కొద్ది విషయాలు సరిచూసుకోండి.

• డబ్బు చాలనప్పుడు పప్పులకు, గుడ్లకు కోత పెట్టకండి. రోజుకు 2000 కిలోకాలరీలు అవసరమైన పెద్దవారికి ధాన్యం 250 గ్రాములు, పప్పులు, గుడ్లు, మాంసం కలిపి 85 గ్రాములు ఉండాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించింది. తెలంగాణలో రేషన్ కార్డుపై మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం, అంటే రోజుకు 200 గ్రాములు, ఉచితంగా అందుతున్నందున, బయట మరో బస్తా కొనే డబ్బును కందిపప్పుకు, పెసలకు, గుడ్లకు మళ్లించడం మేలు. ఎదిగే పిల్లలున్న ఇంట్లో ఇది మరీ ముఖ్యమని నా అభిప్రాయం.

• నూనెను లెక్క ప్రకారమే తెచ్చుకోండి. అదే సూచన ప్రకారం నూనె, నెయ్యి కలిపి రోజుకు 27 గ్రాములు చాలు కనుక, నలుగురు పెద్దవారికి నెలకు సుమారు మూడున్నర లీటర్లకు మించనవసరం లేదు.

• ప్యాకెట్ ధరను కాక, దానిపై ముద్రించిన గ్రాము లేదా కిలో ధరను పోల్చండి. చూపుకు ఒకేలా ఉన్న ప్యాకెట్లలో బరువు తక్కువగా ఉండవచ్చు.

• పప్పులు, రవ్వ ఒక నెలకు సరిపడా మాత్రమే కొనండి. తేమకు పురుగు పడితే ఆదా చేసినదంతా పోతుంది.

• కూరగాయలకు ముందు రైతుబజారు బోర్డుపై ఆనాటి ధరలు చూడండి. జూన్, జూలై నెలల్లో టమాటా తరచూ ప్రియమవుతుంది కనుక, పప్పులో పులుపుకు చింతపండో గోంగూరో చీటీలో చేర్చుకోండి.