పోటీ కంపెనీ నుంచి పేటెంట్ నోటీసు వచ్చిందా? ముందు ఇవి చూడండి

మీరు సుల్తాన్‌పూర్ మెడికల్ డివైజెస్ పార్కులోనో, విశాఖ మెడ్‌టెక్ జోన్‌లోనో ఒక చిన్న యూనిట్ పెట్టి ఇన్‌ఫ్యూజన్ పంపులు (రోగి రక్తంలోకి మందు కొలత ప్రకారం ఎక్కించే యంత్రాలు) తయారు చేస్తున్నారనుకోండి. ఒక రోజు పెద్ద కంపెనీ లాయర్ల నుంచి నోటీసు వస్తుంది: మా పేటెంట్‌ని ఉల్లంఘించారు, ఏడు రోజుల్లో అమ్మకాలు ఆపండి, స్టాకు లెక్కలు చూపించండి అని. టెన్షన్ రాకుండా ఎలా ఉంటుంది? కానీ ఆ ఏడు రోజుల గడువు వాళ్ళు పెట్టింది, చట్టం పెట్టింది కాదు. అలాగని నోటీసు పక్కన పడేయకూడదు, ఎందుకంటే వాళ్ళు ఈపాటికే కేసు కాగితాలు సిద్ధం చేసుకుని ఉండొచ్చు.

ముందు పేటెంట్ నంబరు చూడండి. అది ఏ దేశానిది? అమెరికా పేటెంట్ చూపించి హైదరాబాద్‌లో మీ అమ్మకాలు ఆపించలేరు, మీరు అమెరికాకి ఎగుమతి చేస్తుంటే మాత్రం అది వేరే కథ. ఇండియా పేటెంట్ అయితే పేటెంట్ ఆఫీసు సైట్‌లో ఉచితంగానే వెతకొచ్చు: మంజూరైందా, ఇంకా దరఖాస్తు దశలోనే ఉందా, దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్ళు దాటాయా, రెన్యువల్ ఫీజు కట్టారా. మంజూరు కాకముందు కేసు వేయడం కుదరదు. ఫీజు కట్టక లాప్స్ అయినదాన్ని కూడా 18 నెలల్లోపు పునరుద్ధరణకు అడగొచ్చు కాబట్టి అది చూసి మరీ సంబరపడకండి.

తర్వాతది అసలు పని: క్లెయిమ్‌లు, అంటే పేటెంట్ హక్కు సరిగ్గా దేని మీదో చెప్పే వాక్యాలు, చదవడం. చాలామంది పేటెంట్ టైటిలూ బొమ్మలూ చూసి "అచ్చం మనదే" అని గుండెలు బాదుకుంటారు. కోర్టు చూసేది చివర్లో నంబర్లేసి రాసిన ఆ క్లెయిమ్ వాక్యాలని. ఒక క్లెయిమ్‌లో పంపు, ఒత్తిడి కొలిచే సెన్సర్, గాలి బుడగ కనబడితే ట్యూబుని మూసే వాల్వు అని మూడు భాగాలున్నాయనుకోండి. మీ పంపు బుడగ కనబడితే అలారం మోగించి మోటారు ఆపుతుందే తప్ప ట్యూబుని మూసే వాల్వు లేనే లేదంటే, మీ వాదన అక్కడి నుంచే మొదలవుతుంది. అయితే పేరు మార్చి అదే పని అదే తీరులో చేయిస్తే కోర్టు ఊరుకోదు. ఎడమవైపు క్లెయిమ్‌లో ఒక్కో భాగం, కుడివైపు మీ పరికరంలో అది ఎక్కడుందో లేదో, ఇలా ఒక పట్టిక వేసి, మీ డిజైన్ ఇంజినీర్నీ పేటెంట్ ఏజెంట్‌నీ (పేటెంట్ దరఖాస్తుల పని చూసే రిజిస్టర్డ్ నిపుణుడు) ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టండి. ఇంజినీరు లేకుండా లాయరు వేసిన పట్టికని నేనైతే నమ్మను.

ఈ పట్టికే డిజైన్ మార్చుకోవడానికీ దారి చూపిస్తుంది. అమెరికా వైద్య పరికరాల కంపెనీ మాసిమోకీ యాపిల్‌కీ జరిగిన గొడవనే తీసుకోండి. రక్తంలో ఆక్సిజన్ కొలిచే పేటెంట్ల మీద మాసిమో గెలవడంతో అమెరికా ట్రేడ్ కమిషన్ 2023లో యాపిల్ వాచీల దిగుమతి మీద నిషేధం విధించింది, యాపిల్ 2024 జనవరిలో ఆ ఫీచర్ తీసేసి అమ్మింది, 2025 ఆగస్టులో లెక్క వాచీలో కాకుండా ఐఫోన్‌లో జరిగేలా మార్చి మళ్ళీ తెచ్చింది. కొలిచేది వాచీయే, లెక్కగట్టే చోటు ఒక్కటే మారింది. మీకు ఇలాంటి మార్పు తోస్తే ఆ మార్పుకి కొత్త టెస్టింగ్, లైసెన్సు అనుమతులు కావాలేమో కూడా అప్పుడే లెక్కేసుకోండి.

ఆ పేటెంటే చెల్లదని కూడా వాదించొచ్చు. వాళ్ళ మొదటి దరఖాస్తు తేదీకి ముందే అచ్చయిన వ్యాసాలు, పాత పేటెంట్లు, అమ్మకంలో ఉన్న పరికరాల కేటలాగులు వెతకండి. మంజూరు ప్రకటన వచ్చి ఏడాది కాకపోతే పేటెంట్ ఆఫీసులోనే అభ్యంతరం వేయొచ్చు, లేదా హైకోర్టులో రద్దు పిటిషన్, లేదా వాళ్ళ కేసులోనే కౌంటర్ క్లెయిమ్, అంటే పేటెంట్ రద్దు చేయమని మీ ఎదురు దావా. అన్నీ ఒకేసారి వేద్దామంటే కుదరదు, గాలిమరల పేటెంట్ల కేసులో 2014లో సుప్రీంకోర్టు ఏదో ఒక దారే ఎంచుకోవాలని చెప్పింది. జిల్లా స్థాయి కోర్టులో వాళ్ళు కేసు వేసినా, మీరు కౌంటర్ క్లెయిమ్ వేస్తే అది హైకోర్టుకి వెళ్తుంది.

ఈ లోపు వాళ్ళు మీకు చెప్పకుండా కోర్టుకెళ్ళి స్టే తెచ్చుకోవచ్చు, అన్నిటికంటే దెబ్బ కొట్టేది అదే. వాళ్ళు వెళ్ళేలా ఉన్న కోర్టులో కేవియట్ (మా మాట వినకుండా ఆదేశం ఇవ్వొద్దని ముందే పెట్టే అర్జీ) వేయించండి, 90 రోజులు పనిచేస్తుంది. ఇక జవాబు లాయరు ద్వారానే ఇవ్వండి. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో "మనం వాళ్ళది చూసే కదా చేశాం" లాంటి మెసేజ్‌లు పెట్టొద్దని ఆ రోజే చెప్పండి, అలాగని పాతవి డిలీట్ చేయకండి, అది ఇంకా పెద్ద తలనొప్పి. ఆధారం లేని బెదిరింపు అనిపిస్తే పేటెంట్ల చట్టం సెక్షన్ 106 కింద మీరే కోర్టుకెళ్ళొచ్చు, కాకపోతే ఫలానా పేటెంట్ ఉందని తెలియజేయడం మాత్రమే బెదిరింపు కిందికి రాదు.

మీ పరికరం ఇంకా అనుమతుల దశలోనే ఉంటే అదే చట్టంలో సెక్షన్ 107ఏ చూడండి. నియంత్రణ సంస్థకి ఇవ్వాల్సిన సమాచారం కోసం మాత్రమే తయారు చేయడం, వాడటం, దిగుమతి చేసుకోవడం ఉల్లంఘన కాదు. అమెరికాలోనూ ఇలాంటి నియమం ఉంది, గుజరాత్‌లోని వాపికి చెందిన వైద్య పరికరాల కంపెనీ మెరిల్ దాంతోనే బయటపడింది. 2019లో శాన్‌ఫ్రాన్సిస్కో వైద్య సదస్సుకి గుండె కవాటం శాంపిళ్ళు రెండు తీసుకెళ్ళినందుకు కవాటాలు తయారు చేసే అమెరికా కంపెనీ ఎడ్వర్డ్స్ కేసు వేస్తే, 2024 మార్చిలో అప్పీలు కోర్టు మెరిల్ వైపే తీర్పిచ్చింది. అదే ఏడాది జర్మనీలోని మ్యూనిక్‌లో ఎడ్వర్డ్స్ వేసిన కేసులో మాత్రం మెరిల్ ఓడిపోయింది, అయినా పెద్ద సైజు కవాటాలకి వేరే ప్రత్యామ్నాయం లేదని కోర్టు మినహాయింపు ఇచ్చింది. మీ పరికరానికి కూడా రోగులకి ప్రత్యామ్నాయం లేకపోతే డాక్టర్ల చేత అఫిడవిట్లు రాయించి పెట్టుకోండి.

చాలా కేసులు చివరికి రాజీకే వస్తాయి. ఎడ్వర్డ్స్, ఇంకో వైద్య పరికరాల కంపెనీ మెడ్‌ట్రానిక్ సన్నని గొట్టం ద్వారా అమర్చే గుండె కవాటాల మీద ఏళ్ళ తరబడి కొట్టుకుని 2014లో ఒప్పందానికి వచ్చాయి: మెడ్‌ట్రానిక్ 75 కోట్ల డాలర్లు ఒకేసారి, ఆపైన రాయల్టీ కట్టేలా, ఆ రకం కవాటాల విషయంలో ఎనిమిదేళ్ళు ఒకరి మీద ఒకరు కేసులు వేయకుండా. మీ స్థాయిలో అంకెలు చిన్నవే అయినా రాజీ పత్రంలో కొన్ని మాటలు తప్పకుండా రాయించుకోండి: అదే కుటుంబంలో (అదే ఆవిష్కరణ మీద) రాబోయే పేటెంట్లకీ వర్తిస్తుందని, ఇప్పటికే అమ్మిన పరికరాల గురించి మీ డిస్ట్రిబ్యూటర్లనీ కొన్న ఆసుపత్రులనీ అడగరని. పేటెంట్ ఉన్న వస్తువుని వాడటం కూడా మన చట్టంలో ఉల్లంఘనే, కాబట్టి ఆ వాక్యం లేకపోతే రేపు నోటీసు మీ కస్టమర్‌కి వెళ్తుంది.