క్రైస్తవ కౌబాయ్ ప్రేమకథ రాద్దాం: 5వ పాఠం – ఇంట్లో ఉండిపోయిన మనిషి

పోయినసారి అభ్యాసం గుర్తుందిగా: పదేళ్ల తర్వాత రాంచ్‌కి, అంటే ఇంటివాళ్ల పశువుల క్షేత్రానికి, తిరిగొచ్చిన హీరో, అతని మొదటి ఉదయం. మీరు పంపినవన్నీ చదివాను. ఈ వారం సంభాషణలు చెబుదామనుకున్నాను, అది తర్వాతికి వాయిదా వేశాను. సగానికి పైగా కథల్లో హీరో తెల్లారగానే లేచి ఆవుల పాలు పితికాడు మరి.

రాంచ్‌లో ఆవుల్ని పితకరు. అది మాంసం కోసం పెంచే మంద, తల్లి పాలన్నీ దూడవే. శీతాకాలం చివర్లోనో వసంతంలోనో పుట్టిన దూడల్ని ఆకురాలు కాలంలో తల్లుల నుంచి వేరు చేసి అమ్ముతారు. చాలా కుటుంబాలకి ఏడాదంతా ఎదురుచూసే డబ్బు అదే. బ్యాంకు అప్పు కట్టాలన్నా, చలికాలం గడవాలన్నా ఆ చెక్కే దిక్కు. ఇది రాయడానికి మనలో కొందరికి చెయ్యి రాదు, నాకు తెలుసు. అయినా దాచొద్దు. దాచితే హీరోయిన్ తండ్రికి సెప్టెంబరులో నిద్ర ఎందుకు పట్టదో చదివేవాళ్లకి అర్థం కాదు.

స్థలం విషయానికొస్తే, నేను ఎప్పుడూ అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలోని శాండ్‌హిల్స్‌కే వెళ్తాను. మోంటానా కొండలు ఇష్టమైతే అక్కడే రాసుకోండి. శాండ్‌హిల్స్ అంటే గడ్డి కప్పుకున్న ఇసుక దిబ్బలు, దాదాపు 50,000 చదరపు కిలోమీటర్లు. పైన గడ్డి పోతే కింద ఇసుక గాలికి లేస్తుంది, అందుకే అక్కడ నాగలి కన్నా ఆవుకే చోటు. 1904లో కింకెయిడ్ చట్టం ఒక్కో కుటుంబానికి 640 ఎకరాల వరకు ఇచ్చింది. వినడానికి ఎక్కువే. కానీ అక్కడ ఆవుకీ దూడకీ కలిపి ఏడాదికి పదిహేను ఇరవై ఎకరాల మేత కావాలి. అంటే ముప్పై, నలభై ఆవులు. వాటితో ఇల్లు గడవక ఎంతోమంది అమ్ముకుని పోయారు. వెళ్లిపోవడం ఆ నేలకి కొత్త కాదు. అక్కడి చెర్రీ కౌంటీలో వాలెంటైన్ అనే ఊరుంది. ఆ పేరు ఒక కాంగ్రెస్ సభ్యుడిది, ప్రేమికుల రోజుది కాదు. పేరు బాగుంది కదా అని కథంతా దాని మీద నడపకండి.

ఇక అసలు విషయం. మీ కథలన్నింటిలో తిరిగొచ్చినవాడే ఉన్నాడు, ఉండిపోయిన మనిషి లేదు.

లూకా సువార్త 15వ అధ్యాయం తీయండి, ఇల్లు వదిలి వెళ్లి తిరిగొచ్చిన చిన్నకొడుకు కథ. తండ్రి పరుగెత్తుకెళ్లి కొడుకు మెడ మీద పడే చోటు మనందరికీ నోటికొచ్చు. అక్కడ ఆగకుండా 25వ వచనానికి రండి. పెద్దకొడుకు పొలంలో ఉన్నాడు. విందు మొదలైనా అతన్ని ఎవరూ పిలవలేదు. ఇంటి దగ్గరికొచ్చి పాటలు విని, ఏమిటని పనివాణ్ని అడిగాడు. తండ్రి బయటికొచ్చి బతిమాలాడు. అతను లోపలికెళ్లాడో లేదో యేసు చెప్పలేదు. మీ నవల అక్కడ మొదలవ్వాలి.

హీరోకి ఒక అక్క ఉందనుకోండి. పది చలికాలాలు ఆమే గడిపింది. చలికాలంలో ఆవుకి రోజుకి సుమారు పన్నెండు కిలోల ఎండుగడ్డి కావాలి. 300 ఆవులకి, ఐదు నెలలకి, 540 టన్నులు. నా నోటుబుక్కు మొదటి పేజీలో ఎప్పుడూ ఈ లెక్కే ఉంటుంది, హీరో కళ్ల రంగు తర్వాత. ఆ గడ్డంతా కోయించి, మోయించి, మంచులో పరిచింది ఆమె. ఇప్పుడు తమ్ముడొచ్చి, సాయం చేద్దామని తెరిచి ఉన్న గేటు మూశాడు. ఆవులు నీళ్ల తొట్టికి ఇవతలే ఉండిపోయాయి. అక్కడి కట్టుబాటు ఒకటే: గేటు ఎలా కనబడితే అలాగే వదలాలి. సాయంత్రం ఆమె అరవదు. చేతి తొడుగులు తీసి పొయ్యి పక్కన ఆరేస్తూ, "ఆ గేటు నాలుగేళ్లుగా తెరిచే ఉంటోందిరా" అంటుంది. అంతే చాలు.

ఇప్పుడు నన్ను బాధపెట్టిన తప్పు. ఆరుగురు ఒకే సన్నివేశం రాశారు: మంచులో దూడ చావబోతోంది, హీరో మోకరిస్తాడు, దూడ లేస్తుంది, హీరోయిన్ చూసి కరిగిపోతుంది. దేవుణ్ని కథకి పనివాణ్ని చేయకండి.

అదే రాత్రి ఇలా చూడండి. మార్చి, రెండు గంటలు. తొలిచూలు ఆవు. ముందుకాళ్లు రెండూ కనబడుతున్నాయి, ముక్కు కనబడడం లేదు. తల పక్కకి తిరిగింది. హీరో చెయ్యి లోపలికి పోనిచ్చి, తల సరిచేసి, గిట్టల పైన గొలుసు కట్టి, ఆవు ముక్కినప్పుడే లాగుతాడు. అది ఆగితే తనూ ఆగుతాడు. దూడ పడింది, ఊపిరి లేదు. ముక్కులో గడ్డిపరక పెట్టి తుమ్మిస్తాడు, గోనెతో రుద్దుతాడు, పికప్ ట్రక్కులో హీటరు దగ్గర పడుకోబెడతాడు, తల్లి ముర్రుపాలు పిండి దూడకి పట్టిస్తాడు. రాంచ్‌లో పాలు పిండడం కనబడేది ఇలాంటి రాత్రే. ఇందులో ప్రార్థన ఎక్కడ? లాగడానికీ లాగడానికీ మధ్య. "ప్రభువా, ఈ ఒక్క..." అనేలోగా ఆవు మళ్లీ ముక్కుతుంది. మాట అక్కడే తెగిపోవాలి.

నేను ఇంకో పని చేస్తాను. అదే సన్నివేశాన్ని దూడ చనిపోయినట్టు మళ్లీ రాస్తాను. ఆ ప్రార్థన అందులోనూ నిలబడితే ఉంచుతాను, లేదంటే కొట్టేస్తాను.

హీరోయిన్ విషయంలోనూ ఇంతే. "అవిశ్వాసులతో జోడుగా ఉండకుడి" అన్న బైబిల్ మాట పట్టుకుని, నమ్మకం లేని హీరోని ఆమె కాదంటుంది. తర్వాతి పేజీలోనే అతను మారిపోతే ఆమె కోసం మారాడనే అనుకుంటారు. అతని మొదటి ప్రార్థన ఆమెకి వినబడని చోట పెట్టండి. నెలలపాటు ఆమెకి తెలియనివ్వకండి.

దూడలకి ముద్రలేసే రోజు, ఆదివారం ఆరాధన తర్వాత సామూహిక భోజనం మీకు బాగానే వచ్చాయి, వాటి జోలికి వెళ్లను. ఒక్కటి: ఎన్ని ఆవులున్నాయని రాంచ్ మనిషిని ఏ పాత్రా అడగకూడదు. బ్యాంకులో ఎంతుందని అడిగినట్టే.

అభ్యాసం: అక్క వైపు నుంచి 400 మాటలు. తమ్ముడు వచ్చిన రాత్రి, అతను నిద్రపోయాక, ఆమె ఒక దూడని బతికించాలని చూస్తోంది. ఆమె ప్రార్థన చేయాలి, కానీ తమ్ముణ్ని క్షమించకూడదు. గుర్రం వద్దు. తర్వాత అదే రాత్రి దూడ చనిపోయినట్టు మరోసారి, మళ్లీ 400. రెండూ కలిపి పంపండి, ఒక్కటే పంపితే చదవను.