లైన్‌మన్ మనసు, 4వ పాఠం: ఓడిన స్నాప్ తర్వాత 40 సెకన్లు

పోయిన పాఠంలో అమెరికన్ ఫుట్‌బాల్‌లో స్నాప్‌కి ముందు, అంటే సెంటర్ బంతిని వెనక్కి వదిలి ప్లే మొదలుపెట్టే ముందు, లైన్‌మన్ ఏం చూడాలో చెప్పుకున్నాం. ఎదురు జట్టులో మధ్య లైన్‌బ్యాకర్ (ముందు వరస వెనక నిలబడే డిఫెండర్) ఎవరో సెంటర్ వేలు పెట్టి చూపిస్తాడు, దాన్నిబట్టి ఎవరు ఎవర్ని అడ్డుకోవాలో ఐదుగురు లైన్‌మన్లూ సర్దుకుంటారు: మధ్యలో సెంటర్, అతనికి చెరోపక్క గార్డ్, రెండు చివర్లలో టాకిల్. ఏదైనా ఒక మ్యాచ్‌లో పది స్నాప్‌లకి ఆ లెక్క మీరే ఊహించి రాయమన్నాను. రాయకపోతే ముందు అది చేసి రండి. ఇవాళ్టిది దాని తర్వాతి మెట్టు: అన్నీ సరిగ్గానే చూశారు, సరిగ్గానే నిలబడ్డారు, అయినా మీరు అడ్డుకోవాల్సిన మనిషి మిమ్మల్ని దాటేసి, మీ వెనక బంతి అందుకుని ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టాడు. ఇప్పుడేం చేయాలి?

టైమ్ ఎంతుందో ముందు చూద్దాం. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో మామూలుగా ఒక ప్లే అయిపోగానే 40 సెకన్ల గడియారం మొదలవుతుంది. ఆ లోపల లేవాలి, హడిల్‌లోకి (జట్టు గుమిగూడే చోటికి) రావాలి, ప్లే పేరు వినాలి, లైన్ మీదికి వెళ్లాలి, ఎదురుగా ఎవరున్నారో చదవాలి. కోచ్ నుంచి క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లోకి వచ్చే మాట కూడా గడియారం 15 దగ్గరికి రాగానే ఆగిపోతుంది. ఇవన్నీ పోగా మీ బాధకి మిగిలేది పదో పన్నెండో సెకన్లు.

చాలామంది కోచ్‌లు "మర్చిపో, తర్వాతది ఆడు" అంటారు. ఆ సలహా నాకు సగమే నచ్చుతుంది. పూర్తిగా మర్చిపోతే అదే తప్పు మళ్లీ చేస్తారు. గుర్తుపెట్టుకుంటే భయంతో ఇంకో తప్పు చేస్తారు. ఎలాగో చూడండి. మీరు రైట్ టాకిల్ అనుకోండి. రషర్, అంటే క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకొచ్చే డిఫెండర్, బయటి అంచు మీదుగా వేగంగా వచ్చి, భుజం వంచి, మిమ్మల్ని చుట్టి వెళ్లిపోయాడు. ఇక తర్వాతి ప్లేలో మీ ఒంటికి ఆ అంచు తప్ప ఇంకేమీ గుర్తుండదు, స్నాప్ అవగానే ఓ అడుగు ఎక్కువే పక్కకి వేస్తారు, బరువంతా బయటి కాలి మీదికి పోతుంది, సరిగ్గా దానికోసమే కాచుకున్నవాడు ఒక్కసారిగా లోపలికి తిరిగి మీకూ గార్డ్‌కీ మధ్య వాకిలి తెరిచిపెట్టినట్టు దూసుకుపోతాడు. మొదటిసారి మిమ్మల్ని ఓడించింది వాడి కాళ్లు, రెండోసారి మీ భయం. మంచి రషర్లు మొదటి దెబ్బ కొట్టేదే ఈ రెండోదాని కోసం.

మూడోసారి ఏమవుతుందో కూడా చెప్తాను. దాటిపోతున్నవాడి జెర్సీ పట్టుకుంటారు. అది చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. హోల్డింగ్ అని 10 గజాలు వెనక్కి పంపుతారు, పైగా రిఫరీ మైకులో మీ నంబర్ స్టేడియం మొత్తానికి వినిపిస్తుంది. లైన్‌మన్ బతుకు వికెట్ కీపర్ లాంటిది. మిగతా స్నాప్‌లన్నీ బాగా ఆడినా ఎవరూ చూడరు, జారిపోయిన ఒక్కదాన్ని టీవీలో నాలుగుసార్లు తిప్పి తిప్పి చూపిస్తారు.

కాబట్టి ఆ కొద్ది సెకన్లకి ఒక పద్ధతి ఉండాలి, అది రోజూ సాధన చేసి ఒంటికి పట్టాలి.

ముందు క్వార్టర్‌బ్యాక్ దగ్గరికి వెళ్లి చేయందించి లేపండి. పడినవాడి మొహం చూడలేక పక్కనుంచి జారుకుంటే ఆ తప్పు మీ వెంటే హడిల్‌లోకి వస్తుంది. పెద్ద క్షమాపణ అక్కర్లేదు, "నాదే" అన్న ఒక్క మాట చాలు.

హడిల్ వైపు నడుస్తూ కారణానికి పేరు పెట్టండి. ఒక్క వాక్యం, అదీ ఒంటి కదలిక గురించో చూపు గురించో ఉండాలి. "కాళ్లు ఆగిపోయాయి." "తల ముందుకి వంగింది." "చేతులు లేటయ్యాయి." "ట్విస్ట్ (అవతలివాళ్లు దారులు మార్చుకోవడం) చూడలేదు." ఇవి కారణాలు. "నేను పనికిరాను" అన్నది కారణం కాదు, దాన్ని ఏ డ్రిల్‌తోనూ దిద్దలేం. ఒక్కోసారి నిజమైన వాక్యం "వాడు బాగా ఆడాడు" అనే అవుతుంది, అవతల ఉన్నది కూడా ఆ పనికే జీతం తీసుకునేవాడు కదా. అప్పుడు అది ఒప్పుకుని ఊరుకోవాలి. లేని తప్పు వెతుక్కుని, బాగున్న స్టాన్స్‌ని (స్నాప్‌కి ముందు నిలబడే తీరుని) మ్యాచ్ మధ్యలో మార్చేసి, మిగతా ఆట కూడా పాడుచేసుకోవడం నా దృష్టిలో అన్నిటికంటే ఖరీదైన పొరపాటు.

పేరు పెట్టాక మూసేయండి. మూయడానికి చేతికి ఒక పని కావాలి. గ్లోవ్ పట్టీ విప్పి మళ్లీ బిగించండి, బిగిస్తున్నంతసేపూ ఊపిరిని లోపలికి తీసుకున్నదానికంటే నెమ్మదిగా బయటికి వదలండి. బయటికి వదిలే ఊపిరి పొడవైతే గుండె వేగం కాస్త తగ్గుతుంది. పట్టీ బిగిసిందా, ఆ ప్లే అయిపోయింది.

ఆ తర్వాత పక్కవాడితో మాట్లాడండి. చాలామంది వదిలేసేది ఇదే. ఓడినవాడు సిగ్గుతో నోరు మూసుకుంటాడు, సరిగ్గా అప్పుడే అవతలివాళ్లు స్టంట్ (ట్విస్ట్ అన్నా ఇదే) వేస్తారు: ఎదురుగా ఉన్న ఇద్దరూ ఒకరి దారిలోకి ఒకరు మారతారు. మీరు మీ మనిషిని గార్డ్‌కి వదిలి, గార్డ్ మనిషిని మీరు తీసుకోవాలి. ఇందాక ఓడానన్న కసితో మీ మనిషినే పట్టుకుని వెంటపడితే, ఒకడి మీద మీరిద్దరూ పడతారు, రెండోవాడికి అడ్డే ఉండదు. అందుకే మాట్లాడాలి. "లోపల నేనున్నా, నువ్వు అంచు చూసుకో" అని గార్డ్ అంటే మీ బయటి కాలి మీద బరువు దానంతటదే తగ్గుతుంది.

తప్పు అందరి ముందూ జరిగితే దాక్కునే చోటు ఉండదు, దానికి నాకు తెలిసిన పెద్ద ఉదాహరణ 48వ సూపర్ బౌల్, అంటే ఎన్ఎఫ్ఎల్ ఫైనల్, డెన్వర్‌కీ సియాటిల్‌కీ మధ్య. 2014 ఫిబ్రవరి 2, న్యూజెర్సీలో మెట్‌లైఫ్ స్టేడియం. డెన్వర్ మొదటి స్నాప్. గోలలో పిలుపు సరిగా వినపడలేదు, క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్ ఏదో చెప్పడానికి ముందుకి నడుస్తున్నాడు, సెంటర్ మానీ రమిరెజ్ బంతి వదిలేశాడు. అది మానింగ్ పక్కనుంచి డెన్వర్ సొంత ఎండ్ జోన్‌లోకి (మైదానం చివరి పట్టీలోకి) పోయింది. ఆట మొదలై 12 సెకన్లు, సియాటిల్‌కి రెండు పాయింట్లు. చివరికి డెన్వర్ 43-8తో ఓడింది. నేను ఆ వీడియో చూసిన ప్రతిసారీ తర్వాతి స్నాప్ గురించే ఆలోచిస్తాను. ప్రపంచమంతా చూసిన తప్పు తర్వాత, అదే బంతి మీద మళ్లీ చేయి వేయాలి.

ఇంకో పేరు జో థామస్. క్లీవ్‌లాండ్ లెఫ్ట్ టాకిల్, 2007 నుంచి 2017 అక్టోబర్‌లో ట్రైసెప్స్ చిరిగేదాకా వరుసగా 10,363 స్నాప్‌లు, ఒక్కటీ వదల్లేదు. ఆ ఏళ్లలో జట్టు ఎక్కువగా ఓడుతూనే ఉంది, ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్ కూడా ఆయనకి దక్కలేదు. గెలుపు మీద ఆనుకున్న మనసైతే అక్కడ ఎప్పుడో విరిగేది. 2023లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు.

ఇక్కడ ఒక హెచ్చరిక, ఇది మనసు పెట్టి చదవండి. ఓడిన ప్లే తర్వాతి టెన్షన్ వేరు, జబ్బుగా వచ్చే ఆందోళన వేరు. ఫిలడెల్ఫియా గార్డ్ బ్రాండన్ బ్రూక్స్ 2016లో తనకి ఆందోళన రుగ్మత ఉందని బయటికి చెప్పాడు. మ్యాచ్ రోజు పొద్దున్నే వాంతులయ్యేవి. 2019 నవంబర్‌లో, పెద్ద కాంట్రాక్ట్ మీద సంతకం చేసిన నెలలోనే, సియాటిల్‌తో మ్యాచ్ మధ్యలో మైదానం వదిలి వెళ్లాల్సొచ్చింది. అదే సీజన్‌కి ప్రో బౌల్‌కి (లీగ్ మేటి ఆటగాళ్ల మ్యాచ్‌కి) ఎంపికయ్యాడు. అదే జట్టు రైట్ టాకిల్ లేన్ జాన్సన్ 2021లో డిప్రెషన్, ఆందోళనల వల్ల మూడు మ్యాచ్‌లు ఆడలేదు, ఆ సంగతి తనే చెప్పి తిరిగొచ్చాడు. ఇద్దరూ లీగ్‌లో మేటి లైన్‌మన్లు. గ్లోవ్ పట్టీ చిట్కా దీనికి మందు కాదు, డాక్టర్ కావాలి. అమెరికాలో మీ అబ్బాయి హైస్కూల్ లైన్‌లో ఆడుతూ మ్యాచ్ రోజు తిండి మానేస్తున్నా, రాత్రి నిద్రపోకపోతున్నా "భయమేంట్రా, మగాడివి కాదూ" అనకండి. కూర్చోబెట్టి అడగండి.

ఈ వారం సాధన. ఒక మ్యాచ్ వీడియో తీసుకోండి, 22 మందీ కనిపించే ఆల్-22 కోణం దొరికితే మరీ మంచిది. సాక్ (బంతితో ఉన్న క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం) జరిగిన ఒక ప్లే దగ్గర ఆపి, ఓడిన లైన్‌మన్ ఎవరో కనిపెట్టండి. బంతిని వదిలేసి, తర్వాతి మూడు స్నాప్‌లు అతన్నే చూడండి: మొదటి అడుగు పెరిగిందా, పక్కవాడి వైపు తల తిప్పి మాట్లాడాడా. తర్వాత ఫోన్‌లో 40 సెకన్ల టైమర్ పెట్టి మీరే అతననుకుని ఆ వరుసంతా నడిచి చూడండి: చేయి అందించడం, ఒక్క వాక్యం, పట్టీ, పక్కవాడితో మాట. మొదట్లో వాక్యం దగ్గరే టైమంతా అయిపోతుంది. రోజుకి పదిసార్లు చేయండి, ఏ రోజు ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి.

వచ్చే పాఠం శబ్దం గురించి. 2014 సెప్టెంబర్ 29న క్యాన్సస్ సిటీ ఆరోహెడ్ స్టేడియంలో అభిమానుల అరుపులు 142.2 డెసిబెల్స్‌కి చేరాయి. అలాంటి చోట పిలుపు ఎవరికీ వినపడదు, గార్డ్ వెనక్కి తిరిగి క్వార్టర్‌బ్యాక్ సైగ చూసి సెంటర్‌ని చేత్తో తడతాడు, ఆట దాని మీదే నడుస్తుంది. పాఠానికి వచ్చేముందు ఇంట్లో ఒకరిని ఒప్పించి పెట్టుకోండి, తట్టేవాళ్లు కావాలి.